‘ఒకే కుటుంబం’ స్టెప్ వేసొచ్చిన చెల్లెలికి

ప్రశ్న:

అక్కా, నాకు 28 ఏళ్లు. ఆరేళ్లుగా డాన్స్ మీదే బతుకుతున్నాను. ఉదయం పిల్లలకు క్లాసులు, సాయంత్రాలు ఈవెంట్లు, మధ్యలో వీలు దొరికితే నా సొంత పని. పోయిన నెల ఒక పెద్ద కంపెనీ వార్షికోత్సవంలో 12 మందిమి డాన్స్ చేశాం. థీమ్ ‘మనమంతా ఒకే కుటుంబం’. తొమ్మిది రోజులు రిహార్సల్ చేశాం. వాటికి పైసా లేదు, షో రోజుకి మాత్రమే పేమెంట్. అదీ ఇంకా చేతికి రాలేదు. స్టేజి ఎక్కి చూస్తే ముందు మూడు వరుసలు నిండుగా ఉన్నాయి, వెనక సగం హాలు ఖాళీ. ఆ వారమే చాలామందిని ఉద్యోగాల్లోంచి తీసేశారని అంతకు పది నిమిషాల ముందే గ్రీన్‌రూమ్‌లో తెలిసింది. పాట చివర్లో మేం గుండ్రంగా తిరిగి, హాలు వైపు చేతులు చాచి ‘రండి’ అన్నట్టు పిలవాలి. ఆ ఖాళీ కుర్చీల వైపు చాచాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రెండు వారాల్లో, ఉద్యోగాలు పోయినవాళ్ల మీద 20 నిమిషాల డాన్స్ తయారుచేసి ఒక చిన్న హాల్లో వేశాం. చివర్లో అందరం పిడికిళ్లు ఎత్తి నిలబడతాం. చూడ్డానికి వచ్చినవాళ్లు దాదాపు అందరూ డాన్సర్లే. ఒక సీనియర్ ‘కళలోకి రాజకీయాలు తేకు’ అన్నారు. ఒక స్నేహితుడు ‘పగలు కంపెనీకి ఆడి, రాత్రి కార్మికుల కోసం ఆడితే దాన్ని రాజకీయం అనరు’ అన్నాడు. రెండు మాటలూ గుచ్చుకున్నాయి. ఈ పెట్టుబడిదారీ సమాజంలో డాన్సర్‌కి రాజకీయ పాత్ర అంటూ ఏమైనా ఉందా? ఉంటే నేను కంపెనీ షోలు మానేయాలా?

జవాబు:

చెల్లీ,

నీ ఉత్తరంలో ‘చాచాను’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. ‘చాచాల్సి వచ్చింది’ అని రాసి తప్పించుకోవచ్చు. నువ్వు అలా రాయలేదు. అందుకని నేనూ కాస్త సూటిగానే మాట్లాడతాను, ఏమీ అనుకోకు.

ముందు నీ స్నేహితుడి సంగతి చూద్దాం. పగలంతా ఫ్యాక్టరీలో పనిచేసి సాయంత్రం యూనియన్ మీటింగుకి వెళ్లే మనిషిని ‘పగలు యజమానికి, రాత్రి కార్మికులకా?’ అని ఎవరూ ఎత్తిపొడవరు. అతను పనివాడని అందరికీ తెలుసు. నీ దగ్గరికి వచ్చేసరికి ఆ మాట ఎందుకొచ్చిందంటే, నువ్వు చేసేది పని అని అతనికి తోచడం లేదు. డాన్స్ అంటే నీ ఆత్మ, దాన్ని కంపెనీకి అమ్ముకున్నావని అతని బాధ. నువ్వు అమ్మింది ఆత్మ కాదు తల్లీ, ఒక రోజు పని. ఇంకో తొమ్మిది రోజులు ఊరికే ఇచ్చి వచ్చావు.

తమాషా ఏమిటంటే, రాజకీయాలు తేవద్దన్న ఆ సీనియర్‌ది, రిహార్సల్‌కి డబ్బులివ్వని ఈవెంట్ మేనేజర్‌ది, నీ స్నేహితుడిది ఒకటే నమ్మకం. కళ చాలా గొప్పది, కూలి లెక్కలకి అందనిది. వినడానికి ఎంత బాగుంటుందో! ‘ఇష్టపడి చేసే పనే కదా’ అంటూ ఆ ఇష్టాన్నే డిస్కౌంటు కింద కోసుకుంటారు. నువ్వు రాజకీయం కోసమని 20 నిమిషాల డాన్స్ కట్టావు. దానికి ముందే తొమ్మిది రోజులు పీకల్లోతు రాజకీయంలో ఉన్నావు. ఎవరి టైముకి విలువ ఉంది, ఎవరి టైముకి లేదు, మోకాలు పోతే ఖర్చెవరిది, అడిగితే ఎవరి పేరు లిస్టులోంచి పోతుంది, ఇదంతా ఆ రిహార్సల్ హాల్లోనే ఉంది. నీకు అది కనిపించలేదంటే నీ తప్పు కాదు. మనకి డాన్స్ నేర్పినవాళ్లెవరూ అటు చూడమని చెప్పలేదు.

మన పనిలో ఇంకో చిక్కుంది. చిత్రకారుడికి బొమ్మ మిగులుతుంది, రచయితకి పుస్తకం మిగులుతుంది, మనకి తడిసిన తువ్వాలు మిగులుతుంది. యంత్రమూ మనమే, ముడిసరుకూ మనమే, తయారైన సరుకూ మనమే. ఆ సరుకు ఎక్కడ పుట్టిందో అక్కడే ఆవిరైపోతుంది. అందుకే దాన్ని ఎవరైనా ఎత్తుకుపోవడం చాలా తేలిక. పొడవాటి సిల్కు బట్టలు గాల్లో తిప్పుతూ, రంగుల లైట్లలో ఆడి పేరు తెచ్చుకున్న లోయీ ఫుల్లర్, తన డాన్స్‌ని ఇంకొకరు కాపీ కొడుతున్నారని 1892లో న్యూయార్క్‌లో కోర్టుకెక్కింది. అందులో కథ లేదు, ఉత్త అందమైన కదలికలే ఉన్నాయి కాబట్టి రక్షణ ఇవ్వలేమని తీర్పు వచ్చింది. అమెరికా కాపీరైట్ చట్టంలో కొరియోగ్రఫీ అన్న మాట పేరుతో సహా చేరింది 1976లో. చేరినంత మాత్రాన ఏం ఒరిగిందిలే. ఫోర్ట్‌నైట్ అనే వీడియో గేమ్‌లో జనం డబ్బులు పెట్టి కొనుక్కునే స్టెప్పులు తమవేనంటూ 2018లో కొందరు కోర్టుకి వెళ్తే, చిన్న చిన్న స్టెప్పులకి హక్కు ఉండదు, మొత్తం కూర్పుకే ఉంటుందన్న చర్చలోనే చాలా కాలం గడిచింది.

అలాంటప్పుడు డాన్సర్ చేతిలో ఏముంటుంది? చేయకుండా ఉండటం ఉంటుంది. 2021 జూన్‌లో అమెరికాలోని నల్లజాతి టిక్‌టాక్ డాన్సర్లు అదే చేశారు. వాళ్లు కట్టిన స్టెప్పులతో వేరేవాళ్లు పేరు, డబ్బు సంపాదించుకుంటూ, ఇవి ఫలానావాళ్లవి అని కూడా చెప్పడం లేదు. సరిగ్గా స్టెప్పులు పుట్టుకురావాల్సిన ఒక కొత్త హిట్ పాట రాగానే, దానికి మేం ఏమీ కట్టం అని కూర్చున్నారు. యూనియన్ లేదు, ఆఫీసు లేదు, అయినా అది సమ్మే. డాన్స్ చేయడం పని అని ఆడి చెప్పినదానికంటే, ఆడకుండా ఇంకా బాగా చెప్పారు.

ఆడీ చెప్పొచ్చు, అదీ చూడు. 2019 డిసెంబర్ 24న పారిస్ ఒపేరా బ్యాలే డాన్సర్లు చలిలో తమ థియేటర్ మెట్ల మీదికొచ్చి ‘స్వాన్ లేక్’ అనే హంసల బ్యాలేలో ఒక భాగం ఆడారు. తెల్ల దుస్తులు, వెనక సమ్మె బ్యానరు. వాళ్లకి 42 ఏళ్లకే రిటైర్మెంట్, పెన్షన్. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ కాలంలో, 1698లో మొదలైన పథకం అది. అప్పుడు ప్రభుత్వం తెచ్చిన పెన్షన్ సంస్కరణలో అది పోయేలా ఉంది. బయటినుంచి చూసేవాళ్లకి ‘42కే పెన్షనా!’ అని కడుపుమంట రావచ్చు. చిన్నప్పటినుంచి కీళ్లు అరగదీసుకున్నవాళ్లకి ఆ లెక్క వేరు. నాకు ఈ కథలో నచ్చింది మెట్ల మీద డాన్స్ కాదు, అది ఫొటోలకి బాగుంటుంది. కొత్త పద్ధతి 2022 నుంచి చేరేవాళ్లకే వర్తింపజేస్తాం, ఇప్పుడున్న మీకేమీ కాదు అని ప్రభుత్వం సర్దిచెప్పబోతే వీళ్లు ఒప్పుకోలేదు. మా తర్వాత వచ్చేవాళ్లని బలిపెట్టిన తరంగా మిగలం అన్నారు. ఎప్పుడూ ఒకరి పాత్ర ఒకరు లాక్కోవాల్సిన పోటీలో పెరిగిన మనుషుల నోట ఆ మాట వచ్చింది. ఆ రోజు ఆడిన హంసలకంటే నాకు ఈ మాటే అందంగా కనబడుతుంది.

అది పెద్ద సంస్థ, జీతాలున్నవాళ్లు, మాలాంటివాళ్లకి కుదరదు అంటావేమో. నార్త్ హాలీవుడ్‌లో ఒక క్లబ్బులో బట్టలు విప్పుతూ ఆడే డాన్సర్లు భద్రత లేదని 2022లో గేటు బయట పికెటింగ్ మొదలుపెట్టారు. రకరకాల వేషాల్లో వచ్చి నిలబడేవాళ్లు. ఏడాదికి పైగా పోరాడి, 2023 మేలో నటుల యూనియన్‌లో చేరారు. ఓట్లు లెక్కపెడితే 17 అనుకూలం, వ్యతిరేకం సున్నా. మనలో చాలామంది వాళ్లని డాన్సర్లు అనడానికే మొహమాటపడతారు. యూనియన్ కట్టడం మాత్రం మనకంటే వాళ్లకే బాగా తెలిసింది.

ఇక ఆ సీనియర్ మాట. ఆయన మీద నాకు కోపం లేదు. పిడికిళ్లు చూసి చూసి విసిగిపోయి ఉంటారు. కానీ డాన్స్‌లో రాజకీయం లేదనే వీలు చరిత్ర మనకి ఇవ్వలేదు. రుడాల్ఫ్ లాబాన్ పేరు నువ్వు వినే ఉంటావు. కదలికని కాగితం మీద రాసే పద్ధతి కనిపెట్టినాయన. జర్మనీలో నాజీలు వచ్చాక ఆయన వాళ్ల ప్రచార శాఖ కిందే పనిచేశాడు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ కోసం వెయ్యి మందితో పెద్ద సామూహిక నృత్యం తయారుచేశాడు. ముందస్తు ప్రదర్శన చూసిన ప్రచార మంత్రి గోబెల్స్‌కి అది నచ్చలేదు, ఆపేయించాడు. లాబాన్ పని అయిపోయింది. కొన్నాళ్లకి దేశం వదిలి ఇంగ్లండ్ చేరాడు. అక్కడ ఏం చేశాడో తెలుసా? యుద్ధకాలంలో ఫ్రెడరిక్ లారెన్స్ అనే మేనేజ్‌మెంట్ సలహాదారుతో కలిసి ఫ్యాక్టరీల్లో కార్మికుల కదలికలు గమనించాడు. ఏ బరువు ఎలా ఊపితే తేలిగ్గా లేస్తుంది, ఏ పనికి ఏ లయ సరిపోతుంది అని. ఇద్దరూ కలిసి 1947లో దాని మీద పుస్తకం కూడా రాశారు. కార్మికుడి నడుముకి దానివల్ల మేలు జరిగిందా? జరిగే ఉంటుంది. యజమానికి లాభం పెరిగిందా? అదీ పెరిగే ఉంటుంది.

ఆ కథ నీకు ఎందుకు చెబుతున్నానంటే, వెయ్యి శరీరాలని ఒకే ఊపిరిలో కదిలించే విద్య ఎవరికైనా పనికొస్తుంది. నియంతకి, ఫ్యాక్టరీకి, ‘ఒకే కుటుంబం’ కంపెనీకి, ఊరేగింపుకి కూడా. వరుసగా నిలబడి ఒకే ఎత్తులో కాళ్లు లేపే టిల్లర్ గర్ల్స్ అనే డాన్స్ బృందాల్ని చూసి జర్మన్ విమర్శకుడు క్రాకావర్ 1927లోనే అన్నాడు, ఆ కాళ్లు ఫ్యాక్టరీలో కదిలే చేతుల్లాంటివేనని. నీ దగ్గర ఉన్నది ఆ విద్యే. దాన్ని రాజకీయంలోకి తేవాలా వద్దా అని కూర్చుని ఆలోచించేంత తీరిక నీకు ఎవరూ ఇవ్వరు. నీకంటే ముందే ఎవరో ఒకరు తెచ్చేసి ఉంటారు, నీకు ఫోన్ చేసి డేట్లు ఖాళీ ఉన్నాయా అని అడుగుతారు.

ఆ బెర్లిన్ ఒలింపిక్స్‌కే అమెరికా డాన్సర్ మార్తా గ్రాహమ్‌కీ పిలుపు వెళ్లింది. తను గౌరవించే కళాకారులని అక్కడ వేధిస్తున్నారు, తన బృందంలో యూదు డాన్సర్లు ఉన్నారు, రానని చెప్పింది. జర్మన్ డాన్సర్ మేరీ విగ్‌మన్ మాత్రం ప్రారంభోత్సవంలో పాల్గొంది. ఇద్దరూ మహా కళాకారులే. ఇక్కడ గ్రాహమ్‌ని దేవతని చేసేయకు. అదే గ్రాహమ్ 1955లో అమెరికా విదేశాంగ శాఖ ఖర్చుతో ఆసియా అంతా తిరిగి ప్రదర్శనలిచ్చింది. ప్రచ్ఛన్న యుద్ధంలో తమ దేశం ఎంత స్వేచ్ఛగా ఉందో చూపించే పని అది. ఒక ప్రభుత్వానికి కాదంది, ఇంకో ప్రభుత్వానికి సరేనంది. మచ్చలేని డాన్సర్ కోసం వెతికితే నీకు ఎవరూ దొరకరు. ఆమె దగ్గర తీసుకోవాల్సింది ఒకటే ఉంది. ఎక్కడ ‘రాను’ అనాలో తెలిసినప్పుడు అంది, ఎందుకో కూడా చెప్పింది.

నువ్వు కూడా ఆ గీత ముందే గీసుకో. ఫోన్ వచ్చాక, అద్దె కట్టాల్సిన తేదీ దగ్గరపడ్డాక గీయలేవు. నన్ను అడిగితే కంపెనీ షోలు మానేయనక్కర్లేదు. నువ్వు మానేస్తే నీ స్థానంలో ఇంకో అమ్మాయి తొమ్మిది రోజులు ఊరికే రిహార్సల్ చేస్తుంది, అంతే తేడా. కానీ కొన్నిటికి వెళ్లనని రాసి పెట్టుకో. నేను గీసుకున్న గీత ఇది: దేన్నైనా అమ్మడానికి ఆడతాను, ఎవరికైనా జరిగిన అన్యాయాన్ని కప్పడానికి ఆడను. సబ్బుకి ఆడతాను. మనుషుల్ని రోడ్డున పడేసిన వారంలో ‘కుటుంబం’ అంటే ఆడను. నీకు నీ గీత ఇంకోచోట ఉండొచ్చు. గ్రీన్‌రూమ్‌లో ఆ పది నిమిషాల్లో నీకు ఏ గీతా లేదు, అందుకే నిద్ర పట్టలేదు.

ఇప్పుడు రిహార్సల్ డబ్బుల విషయం. ఇక్కడ నా సొంత బుద్ధితక్కువ పని ఒకటి చెప్పాలి. నీ వయసులో ఉన్నప్పుడు ఒక పెద్ద షోకి 30 మందిమి రోజూ ఆరు గంటలు సాధన చేసేవాళ్లం. ఐదో రోజు నేను వెళ్లి రిహార్సల్‌కి డబ్బులు అడిగాను. చాలా మర్యాదగా విన్నారు, టీ కూడా ఇచ్చారు. మర్నాడు నా స్థానంలో వేరే అమ్మాయి ఉంది. నా స్టెప్పులన్నీ ఆమెకి నేనే నేర్పాలని కూడా అడిగారు. నేర్పాను! డబ్బులు అడగడం తప్పు కాదు. మిగతా 29 మందితో ఒక్క ముక్క కూడా చెప్పకుండా, ఒక్కదాన్నే వెళ్లి అడగడం తప్పు. ఎవరికెంత ఇస్తున్నారో మాలో మాకే తెలియదు. ఒకరిది ఒకరు అడగడం అమర్యాద అనుకునేవాళ్లం. ఆ మర్యాద వల్ల ఎవరికి లాభమో అప్పట్లో తట్టలేదు.

కాబట్టి నువ్వు ముందు ఆ మిగతా 11 మందితో మాట్లాడు. ఉపన్యాసం వద్దు. బూట్లు విప్పుకునేటప్పుడు ‘నాకు ఇంత అన్నారు, నీకెంత?’ అని అడుగు, చాలు. మొదట ఎవరూ చెప్పరు, టెన్షన్ పడతారు. నీది నువ్వు చెప్పు. లిస్టులో రిజర్వు కింద పెట్టిన అమ్మాయిలుంటారే, వాళ్లనీ కలుపుకో. వాళ్లు బయట ఉన్నంతకాలం మీరెవరూ గట్టిగా మాట్లాడలేరు. తర్వాతి షోకి 12 మందీ కలిసి ఒకే మాట చెప్పాలి: రిహార్సల్ గంటలకి డబ్బు, సగం ముందే, దెబ్బ తగిలితే వైద్యం వాళ్ల ఖర్చు, అన్నీ కాగితం మీద. ఎదురుగా ఉండే ఈవెంట్ మేనేజర్ కూడా పైవాళ్ల దగ్గర నలిగే మనిషే కావచ్చు. అరవక్కర్లేదు. కాగితం ఇవ్వండి, చాలు. పాత పేమెంటుకి కూడా ఒక్కొక్కరూ విడివిడిగా మెసేజ్ పెట్టి బతిమాలకండి, 12 సంతకాలతో ఒక ఉత్తరం పంపండి.

ఇక నీ 20 నిమిషాల డాన్స్. చూడ్డానికి డాన్సర్లే వచ్చారని రాశావు. ఈ బాధ పాతదే. న్యూయార్క్‌లో 1932లో న్యూ డాన్స్ గ్రూప్ అని కొందరు యువ డాన్సర్లు మొదలుపెట్టారు. డాన్స్ వర్గపోరాటంలో ఆయుధం అన్నది వాళ్ల నినాదం. మహామాంద్యం రోజులవి, జనం దగ్గర పనుల్లేవు. పది సెంట్లిస్తే ఒక సాయంత్రం: టెక్నిక్ క్లాసు, తర్వాత అందరూ కలిసి ఏదో ఒక విషయం మీద సొంతంగా కదలికలు కట్టడం, తర్వాత రాజకీయ చర్చ. వచ్చేవాళ్లలో డాన్సర్లు కానివాళ్లూ ఉండేవాళ్లు. నినాదం సంగతి అటుంచితే, ఆ ఏర్పాటు నాకు చాలా నచ్చుతుంది. జనం కోసం ఏదో తయారుచేసి, టికెట్ పెట్టి, జనం రాలేదేమని బాధపడలేదు. ముందు జనాన్నే గదిలోకి పిలిచి కదిలించారు. వాళ్ల డాన్సుల్లో కొన్ని మరీ నినాదాల్లా ఉన్నాయని అప్పట్లో వాళ్లవాళ్లే విమర్శించుకున్నారు కూడా.

నువ్వూ అలా చెయ్యొచ్చు. ఆ కంపెనీలో ఉద్యోగం పోయినవాళ్లలో ఒకరిద్దరినైనా వెతికి పట్టుకో. వాళ్ల గురించి డాన్స్ చేసే ముందు వాళ్లనే అడుగు, ఆ రోజు ఏం జరిగింది, చేతులు ఎక్కడ పెట్టుకున్నారు, లిఫ్టులో ఎవరైనా మాట్లాడారా అని. నీ దగ్గర ఇప్పుడున్న కదలికలన్నీ ‘బాధ’ అనే మాటకి మనం క్లాసులో నేర్చుకున్న కదలికలే అయి ఉంటాయని నా అనుమానం. నేను చూడలేదు, తప్పయితే క్షమించు.

ఆ పిడికిళ్లు మాత్రం తీసెయ్. పిడికిలి చూడగానే చూసేవాడికి పని అయిపోతుంది, చప్పట్లు కొట్టి లేచిపోతాడు. ఇస్తాంబుల్‌లో 2013 జూన్ 17న ఎర్దెమ్ గుందుజ్ అనే కొరియోగ్రాఫర్, నిరసనలన్నీ పోలీసులు చెదరగొట్టిన తక్సిం చౌక్‌లో జేబుల్లో చేతులు పెట్టుకుని ఊరికే నిలబడ్డాడు. దాదాపు ఎనిమిది గంటలు. మెల్లిగా పక్కన ఇంకొకరు, ఇంకొకరు వచ్చి అలాగే నిలబడ్డారు. ఎప్పుడు కదలాలో తెలిసినవాడు కాబట్టే ఎప్పుడు కదలకూడదో అతనికి తెలిసింది.

నీ దగ్గర దానికి తీసిపోని కదలిక ఒకటుంది, దాన్ని నువ్వు వాడుకోలేదు. ‘ఒకే కుటుంబం’ స్టెప్. గుండ్రంగా తిరిగి, నవ్వుతూ, ఖాళీ కుర్చీల వైపు చేతులు చాచడం. దాన్నే తీసుకో. అదే పాట లయలో, అదే నవ్వుతో, 12 మందీ అచ్చం అక్కడ చేసినట్టే చేయండి. మళ్లీ చేయండి. ప్రతిసారీ ఒకరు తగ్గాలి, మిగిలినవాళ్లు ఆ ఖాళీని సర్దుకోకుండా అలాగే వదిలేసి తిరగాలి. లేని చేతిని పట్టుకున్నట్టే పట్టుకుని తిరగడం ఎంత కష్టమో చేస్తే తెలుస్తుంది, మోచెయ్యి వాలిపోతుంది. ఆఖరికి నువ్వొక్కదానివే మిగులుతావు. అప్పుడు చేతులు చాచాలా వద్దా అన్నది రిహార్సల్‌లో చూసుకో, ఇప్పుడే తేల్చుకోకు.

ఈ రిహార్సల్స్‌కి ఆ 11 మందికీ నువ్వు ఏమిస్తావో కూడా ముందే చెప్పు. డబ్బు లేకపోతే లేదని చెప్పు, టికెట్ల మీద వచ్చింది సమానంగా పంచుకుందామని కాగితం మీద రాయండి. తర్వాతి ఈవెంట్‌కి కాంట్రాక్టు వస్తే సంతకం పెట్టే ముందు నాకొకసారి పంపు. పేమెంట్ ఆలస్యం గురించిన వాక్యం ఎప్పుడూ రెండో పేజీలో, చిన్న అక్షరాల్లో పెడతారు.